ఆదివారం వినిపించిన మగ్గం

ఫిబ్రవరి 4, సోమవారం

గ్లాస్గో నుంచి పార్సిల్ వచ్చింది. పంపింది ఊనా, టోర్కిల్‌తో కలిసి పాటలు చేసిన పిల్ల. లోపల ఒక సీడీ, ఒక ఉత్తరం, సంతకాలు పెట్టాల్సిన కాగితం. సీడీ అట్ట మీద నా కొడుకు పేరు అచ్చువేసి ఉంది. మళ్ళీ మూసేసి పిండి డబ్బా వెనక పెట్టాను.

వాడు పోయి ఇరవై ఆరు రోజులు.

ఫిబ్రవరి 5, మంగళవారం

ఉత్తరం చదివాను. చాలాసేపు పట్టింది. పద్నాలుగో ఏట బడి మానేసి మగ్గం ఎక్కినదానికి అంతే వస్తుంది.

"టోర్కిల్ వాళ్ళ అమ్మగారికి, నాన్నగారికి" అని మొదలుపెట్టింది. పాటల పని డిసెంబరులోనే అయిపోయిందట. పాడినవాడు లేడు కాబట్టి తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెడితే తప్ప కంపెనీవాళ్ళు బయటికి తీసుకురారట. మార్చి పదిహేను దాటితే ఇక ఎప్పటికీ లేదట. "మీకు ఇష్టం లేకపోతే నేను బాధపడను. కాని ఒక్కసారి వినండి" అని రాసింది. బాధపడననడం అబద్ధం. అక్కడ చేతిరాత వంకర పోయింది.

మా ఆయన మర్డో నిలబడే చదివాడు.

"కీర్తనలకి మోతలు కట్టొద్దని బతికున్నప్పుడే చెప్పాను వాడికి. ఇప్పుడు లేడని సరేననాలా?"

"ఒకసారి విని చెప్పొచ్చుగా."

"వినేదేముంది డొలీనా? మన గుడిలో వాయిద్యం లేదు. మా తాత నాడూ లేదు."

కాగితం మడిచి బైబిలు సొరుగులో పెట్టాడు.

సాయంత్రం ప్రార్థనకు కూర్చున్నాం. మళ్ళీ కీర్తన లేకుండా బైబిలు అధ్యాయంలోకి వెళ్ళిపోయాడు. ముప్పై ఏళ్ళు గుడిలో వరుస అందించినవాడు. ముందు తనొక్కడే ఒక వరుస పాడతాడు, సంఘంలో అందరూ దాన్ని అందుకుని ఎవరి వంపుతో వాళ్ళు తిరిగి పాడతారు, అప్పుడు తను తర్వాతి వరుస అందిస్తాడు. టోర్కిల్‌కీ తనే నేర్పాడు. వాణ్ణి మట్టిలో పెట్టి వచ్చాక గుడిలో ఆ చోట నిలబడలేదు, ఇంట్లో నోరు విప్పలేదు. కీర్తన ఉండాల్సిన చోట ఇద్దరం కాస్త ఆగుతాం. తర్వాత అధ్యాయం.

కొత్త సంవత్సరానికి వచ్చినప్పుడు టోర్కిల్ ఈ పాటలు నన్ను వినమన్నాడు. పొయ్యి మీద మాంసం పులుసు ఉంది, కుదరలేదు.

ఫిబ్రవరి 7

పిండి డబ్బా వెనక చూశాను. ఉంది.

ఫిబ్రవరి 12, మంగళవారం

మర్డో గొర్రెలకు దాణా వేయడానికి వెళ్ళాడు. మిల్లువాళ్ళు తెచ్చిన నిలువు దారాల పడుగు బిగించి ఉంది, నేత మొదలుపెట్టాలి. సీడీ ఏప్రన్ జేబులో పెట్టుకుని మగ్గం షెడ్డుకు వెళ్ళాను. వాడి పాత ప్లేయరు కిటికీలో ఇంకా ఉంది.

మీట నొక్కగానే మగ్గం కదిలింది.

నిజంగా అలాగే అనుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే నాడె కదలడం లేదు, తొక్కుడు చెక్కలు కదలడం లేదు, చప్పుడు మాత్రం వస్తోంది. నా మగ్గమే. ఎడమ చెక్క వదులు, అందుకని నాలుగో దెబ్బకి ఒక టక్ అదనంగా అని కుంటుతుంది. ఈ లూయిస్ దీవిలో ఇంకే మగ్గమూ అలా కుంటదు. పోయిన వేసవిలో వాడు కిటికీలో అగ్గిపెట్టెంత నల్ల పెట్టె ఒకటి పెట్టాడు. ఏదో చార్జింగు అనుకుని దాని మీద దుమ్ము తుడిచాను. ఆ తుడిచిన గరగర కూడా పాటలో ఉంది.

ఆ కుంటి నడక మీద వాడి గొంతు లేచింది.

ఇక్కడితో ఆపేశాను.

ఫిబ్రవరి 13, బుధవారం

నిన్న ఆపలేదు. మొత్తం విన్నాను. ఇవాళ మళ్ళీ విన్నాను. ఎనిమిది పాటలు, అన్నీ మా కీర్తనలే, మా గేలిక్ భాషలోనే. సీడీ పేరు "పడుగు" అని పెట్టాడు. అదేం పేరో!

ఎవరితోనైనా చెప్పాలని నాలుక దురద పెడుతోంది. మూడో పాట ఎలా మొదలవుతుందో! గుడిలో ఆరాధనకు ముందు ఉండే చప్పుళ్ళతో. బల్ల కిర్రుమంటుంది, ఎవరో ముక్కు చీదుతారు, ఎవరో దగ్గుతారు. ప్రసంగం మొదలవబోతుంటే అందరం పిప్పరమెంటు బిళ్ళ కాగితం విప్పుతాం కదా, ఆ గలగల. ఆ గలగలని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాడు. అచ్చం వాన పట్టినట్టు ఉంటుంది. వాన పెద్దదై, ఇంకా పెద్దదై, చటుక్కున ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలోంచి కీర్తన. పైకి నవ్వేశాను. నవ్వి, ఎవరైనా విన్నారేమోనని తలుపు వంక చూశాను.

ఐదో పాటలో కంచె తీగల మీద గాలి ఏడుస్తుంది. ఆరో పాటలో ఓడ ఇంజను. స్టోర్నవే రేవు నుంచి బయలుదేరేటప్పుడు కాళ్ళ కింద ఇనుము ఒకే శ్రుతిలో వణుకుతుంది, దాని మీద కీర్తన పెట్టాడు. ఆ ఓడ ఎన్నిసార్లు ఎక్కానో! అది శ్రుతి అని ఒక్కసారీ తట్టలేదు నాకు.

ఫిడేలు లేదు, గిటారు లేదు, అసలు వాయిద్యమే లేదు. ఉన్నవన్నీ మేం రోజూ చేసే చప్పుళ్ళు. అవన్నీ దేవుడికి మొదటినుంచీ వినపడుతూనే ఉన్నాయి కదా. ఇది గోల ఎలా అవుతుంది? వినకుండా గోల అనడం తప్పు. మర్డోది తప్పు.

ఫిబ్రవరి 15, శుక్రవారం

ఉండబట్టలేక పోస్టుమాన్ డోనీని షెడ్డులోకి లాక్కెళ్ళాను.

"పిన్నీ, నాకింకా పదిహేను ఇళ్ళున్నాయి."

"మూడు నిమిషాలు. నోరు మూసుకుని విను."

పిప్పరమెంటు పాట పెట్టాను. తలుపుకి ఆనుకుని, సంచీ భుజాన్నుంచి దించకుండా విన్నాడు. దగ్గు దగ్గర కళ్ళు పెద్దవి చేశాడు.

"మా నాన్న! పిన్నీ, అది మా నాన్న దగ్గు! రెండు చిన్నవి, ఒక పెద్దది. ఒట్టు!"

"మీ నాన్నే."

"ఆయనకి తెలుసా సీడీలో దగ్గానని?"

"చెప్పకు. మర్డోకి తెలిస్తే బాగుండదు."

మొత్తం ఎనిమిదీ విని వెళ్ళాడు. ఉత్తరాలన్నీ ఆలస్యమయ్యాయని ఊళ్ళో సణుగుళ్ళు.

ఫిబ్రవరి 18, సోమవారం

ఎనిమిదో పాటలో ఏదో పోయింది. వాడు వరుస అందిస్తాడు, వాడొక్కడే, వెనక ఏ చప్పుడూ లేకుండా. తర్వాత జనం అందుకోవాలి. జనం లేరు. ఖాళీ. వరుస పాడినంతసేపూ ఖాళీ. తర్వాత వాడు రెండో వరుస అందిస్తాడు. మళ్ళీ ఖాళీ. చివరిదాకా ఇంతే. మొదట సీడీ గీత పడిందేమో అనుకుని మెత్తటి బట్టతో తుడిచాను. అయినా అదే.

ఊనాకి ఉత్తరం రాశాను. "అమ్మాయీ, పాటలు చాలా బాగున్నాయి. చివరిదాంట్లో జనం రాలిపోయారు. అచ్చు వేసేలోపు సరిచేయి."

అచ్చు వేయనిస్తేగా.

ఫిబ్రవరి 20

భోజనం దగ్గర ఉడికిన బంగాళాదుంపలు ఒలుస్తూ మర్డోని మళ్ళీ అడిగాను. "వద్దన్నానుగా," అన్నాడు. ఉప్పుచేప సగం వదిలేసి లేచాడు.

ఫిబ్రవరి 26, మంగళవారం

ఊనా జవాబు వచ్చింది. పదిసార్లు చదివినట్టున్నాను.

"అమ్మగారూ, జనం రాలిపోలేదు. మీ గుడిలో అందరి గొంతులూ రికార్డు చేశాం, చాలా బాగా వచ్చాయి. చివర్లో టోర్కిల్ తీసేయమన్నాడు. నేను పోట్లాడాను. 'నేను పడుగు వరకే వేస్తాను, పేక వినేవాళ్ళు వేసుకోవాలి' అన్నాడు. ఎవరూ పాడకపోతే అన్నాను. 'మా ఊళ్ళో వరుస అందిస్తే నోరు మూసుకుని ఉండటం ఎవరి తరమూ కాదు. మా అమ్మ తరం అసలే కాదు' అన్నాడు."

నా తరం అవుతుంది. ఇవాళ రెండుసార్లు పెట్టాను. పాడలేదు.

ఫిబ్రవరి 27

పాడలేదు.

మార్చి 1

పాడలేదు. నేత మాత్రం బాగా సాగింది.

మార్చి 3, ఆదివారం

జలుబని గుడికి వెళ్ళలేదు. జలుబు ఉంది. అంత పెద్దదేం కాదు.

ఇంట్లో ఎవరూ లేరు. ఆదివారం పని చేయడం మాకు పాపం. బట్టలు ఆరేయం, పొయ్యిలోకి పీటు గడ్డ కూడా తవ్వం, శనివారమే నీళ్ళు తోడి పెట్టుకుంటాం. నేను షెడ్డు తలుపు తీసి సీడీ పెట్టాను. కిటికీ తెరిచే ఉందని తర్వాత చూసుకున్నాను. ప్రభువు దినాన విన్నాను. మొదటి పాట ఒక్కటే, నాలుగుసార్లు. కీర్తనే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కీర్తన కోసం కాదు, వాడి గొంతు కోసం విన్నాను. ఆ సంగతి దేవుడికి నేను చెప్పక్కర్లేదు.

కొత్త సంవత్సరం నాడు "తర్వాత వింటాలే" అన్నాను వాడితో. అంతే అన్నాను.

మార్చి 4, సోమవారం

ఎఫీ వచ్చింది. మర్డోకి చిన్నాన్న కూతురు, రెండిళ్ళ అవతల ఉంటుంది. ఎప్పుడొచ్చినా చేతిలో రొట్టెలుంటాయి, ఇవాళ లేవు.

"నిన్న జలుబన్నావట వదినా."

"అవును."

"జలుబుకి నేత మంచి మందా?"

"ఏం నేత?"

"నన్ను వెర్రిదాన్ని చేయకు. మోకాలు పట్టేసి నేనూ గుడికి వెళ్ళలేదు. కోళ్ళని చూద్దామని బయటికొస్తే మీ షెడ్డులో మగ్గం! ఆదివారం! పాస్టరుగారు ప్రసంగంలో ఉండే వేళకి!"

"ఇంకెవరిదో అయ్యుంటుంది."

"ఇంకెవరి మగ్గం కుంటుతుంది చెప్పు? ఆ టక్కుతో ఇరవై ఏళ్ళుగా నా మధ్యాహ్నం కునుకు పాడవుతోంది. నాకు తెలీదా?"

ఏం చెప్పను? మగ్గం కాదు అంటే సీడీ అనాలి. సీడీ అంటే మర్డోకి చేరుతుంది.

ఎఫీ నా చెయ్యి పట్టుకుంది. "కొడుకు పోయాక చేతులు ఊరికే ఉండలేవు. నాకు తెలుసు. నేనెవరికీ చెప్పను వదినా."

ఎఫీ ఎవరికీ చెప్పనంటే బుధవారానికి అందరికీ తెలుస్తుంది.

మార్చి 6, బుధవారం

మధ్యాహ్నం రెండింటికి సంఘపెద్ద ఫిన్లే గారు వచ్చారు. నల్ల కోటుతో వచ్చారు కాబట్టి టీ కోసం కాదని అర్థమైంది. ఆయన వెనకే ఎఫీ, నేల చూపులు చూస్తూ.

మర్డో కుర్చీ చూపించాడు. ఫిన్లే గారు కూర్చోలేదు.

"డొలీనా, పై ఆదివారం ప్రభువు బల్ల. నీమీద ఒక మాట వినపడుతుండగా రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి నిన్ను బల్ల దగ్గరికి ఎలా రానిచ్చేది? ఆదివారం మగ్గం నడిపావా?"

మర్డో నా వంక చూశాడు. నేను నడపలేదని వెంటనే అనేస్తాననుకున్నాడు పాపం.

"నడపలేదు. సీడీ విన్నాను."

"మగ్గం చప్పుడు విన్నానంటోంది ఎఫీ."

"సీడీలో మగ్గం ఉంది. నా మగ్గమే. టోర్కిల్ పెట్టాడు."

ఫిన్లే గారు కోటు గుండీ ఒకటి విప్పి మళ్ళీ పెట్టుకున్నారు. "మగ్గం సీడీలో ఎలా ఉంటుందమ్మా?"

"నేను చెవులారా విన్నాను," అంది ఎఫీ. "మగ్గమే. సీడీ అయితే పాట వినపడదూ?"

"నీకు పాట ఎప్పుడు వినపడింది ఎఫీ, తప్పులు తప్ప!" అన్నాను. అనకూడదు. అనేశాను.

నిజం తేలాలంటే వినక తప్పదన్నారు ఫిన్లే గారు. ముగ్గురూ నా వెంట షెడ్డుకు వచ్చారు. మర్డో గుమ్మంలోనే నిలబడిపోయాడు, సగం వానలో, సగం లోపల.

మీట నొక్కాను. మగ్గం మొదలైంది. ఎఫీ "అదిగో! అదే!" అని అరిచి, కదలకుండా ఉన్న మగ్గం వంక చూసింది. దాని దగ్గరికి వెళ్ళి చేత్తో తాకి చూసింది. అప్పుడు టోర్కిల్ గొంతు వచ్చింది. ఎఫీ చెయ్యి నోటికి పోయింది. వాడికి నామకరణం నాడు వేసిన తెల్ల గౌను కుట్టింది ఎఫీయే.

"చాలమ్మా," అన్నారు ఫిన్లే గారు మెల్లగా. "మగ్గం నడవలేదు. నేను చూశాను."

నేను ఆపి ఉంటే అక్కడితో అయిపోయేది. ఆపాను కూడా. ఆపి, మర్డో వైపు తిరిగాను.

"నువ్వు సంతకం పెట్టకపోయినా సరే. ఇంకొక్కటి విను. కొత్త సంవత్సరం నాడు వాడు నా చెవికి వైరు పెట్టబోతే, 'తీసెయ్ ఆ గోల, నా ఇంట్లో వద్దు' అన్నాను నేను. నువ్వు కాదు, నేను. వాడు వైరు చుట్టి జేబులో పెట్టుకుని, 'సరే అమ్మా, టీ ఉందా' అన్నాడు. తొమ్మిదో తారీఖు పొద్దున ఓడ కోసమని ఆ మంచు గడ్డల రోడ్డు మీద వెళ్ళిపోయాడు, ఓడ దాకా చేరలేదు. వాడు ఉండగా వినే వీలు నాకు ఇంక లేదు మర్డో. నేను వినేదంతా వాడు పోయాక వినేదే. నువ్వు కూడా వద్దనేసి నాలా చేసుకోకు."

ఫిన్లే గారు కిటికీలోంచి వానని చూస్తున్నారు.

ఎనిమిదోది పెట్టాను.

టోర్కిల్ మొదటి వరుస అందించాడు. ఆగాడు. షెడ్డు రేకు మీద వాన తప్ప ఏమీ లేదు. నేను అనుకున్నాను, ఎవరూ పాడరు, వాడు తప్పు లెక్క వేశాడు అని. ఫిన్లే గారి గొంతులో ఏదో కదిలింది కాని బయటికి రాలేదు. రెండో వరుస వచ్చింది. ఈసారి ఎఫీ అందుకుంది. సన్నగా, కొంచెం అపశ్రుతిలో, కళ్ళు మూసుకుని. ఫిన్లే గారు టోపీ తీసి ఆమెతో కలిశారు. ఆయన ఎప్పటిలాగే అందరికంటే వెనక.

మూడో వరుస.

గుమ్మంలోంచి మర్డో గొంతు వచ్చింది. రెండు నెలలు మూసి ఉన్న గొంతు, తుప్పు పట్టిన గడియలా మొదట కీచుమంది. ఎఫీ గొంతునీ ఫిన్లే గారి గొంతునీ కిందనుంచి ఎత్తి పట్టుకుంది. అలవాటు కొద్దీ వరుస చివర తర్వాతిది అందించబోయి, ఆగిపోయాడు. కొడుకు అందించాడు. తండ్రి జవాబు చెప్పాడు. గుడిలో ఎప్పుడూ ఇలా జరగలేదు. ఎప్పుడూ తండ్రే అందించేవాడు, కొడుకు జనంలో ఉండేవాడు.

నేను పాడాను. ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు. మధ్యలో నా గొంతు నాకే వినపడింది.

పాట అయిపోయింది. ఫిన్లే గారు టోపీ పెట్టుకుని, "ఆదివారం మగ్గం నడవలేదు. సంఘానికి నేను చెప్పేది అంతే. సీడీ సంగతి నువ్వూ దేవుడూ చూసుకోండి డొలీనా" అన్నారు. ఎఫీని తీసుకుని వెళ్ళారు.

మర్డో వచ్చి మగ్గం బల్ల మీద కూర్చున్నాడు. ఆ బల్ల మీద ఎన్నడూ కూర్చోలేదు.

"మూడో వరుసలో ఊపిరి తప్పు చోట తీశాడు," అన్నాడు. "మాట మధ్యలో. పన్నెండేళ్ళప్పటినుంచీ చెబుతూనే ఉన్నాను, అక్కడ కాదురా అని."

"ఊనాకి చెబితే సరిచేస్తుందేమో."

చాలాసేపు పేక దారం వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"వద్దు," అన్నాడు. "సరిచేయొద్దని రాయి."

మార్చి 7, గురువారం

సంతకాలు పెట్టాం. ముందు తను, తర్వాత నేను. నా పేరు కొంచెం గీత దాటింది. డోనీ చేతికే ఇచ్చాను, పరుగెత్తి పొమ్మన్నాను.

మార్చి 12, మంగళవారం

ఊనా ఫోన్ చేసింది. ముందు ఆ పిల్ల ముక్కు చీదడం వినపడింది. తర్వాత, అట్ట వెనక అందరి పేర్లూ వేయాలట, మగ్గం ఎవరు నడిపారో రాయాలట. ఎలా రాయమంటారు అని అడిగింది.

"నా పేరెందుకమ్మా," అన్నాను.

మర్డో పొయ్యి దగ్గర బూట్లు, మేజోళ్ళు ఆరబెట్టుకుంటున్నాడు. తల ఎత్తకుండా, "రాయమను," అన్నాడు. "మగ్గం, డొలీనా మారిసన్. కింద బ్రాకెట్లో 'ఆదివారాలు తప్ప' అని కూడా వేయమను. ఎఫీ కొనుక్కుంటుంది కదా."

ఊనా అవతల విని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగి చూస్తే మర్డో భుజాలు కదులుతున్నాయి, నవ్వో ఏడుపో తెలియలేదు. పక్కన కూర్చుని, తడి మేజోడు ఒకటి అందుకుని నేనూ పొయ్యి వైపు పట్టుకున్నాను.